గ్యాస్ మాత్ర వేసుకుంటూనే ఉన్నాను, మరి పేగులో పుండ్లెందుకు?

చెన్నై అంబత్తూరు నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. సారాంశం ఇది.

ఆమెకు 58 ఏళ్లు. సూళ్లూరుపేట దగ్గరి పల్లె నుంచి 24 ఏళ్ల కిందట భర్తతో చెన్నై వచ్చి, పారిశ్రామికవాడ సమీపంలో చిన్న ఆంధ్రా మెస్సు పెట్టుకున్నారు. భర్త పోయి 9 ఏళ్లయింది. పొద్దున టిఫిను, మధ్యాహ్నం భోజనం, ముగ్గురు పనివాళ్లు, తెల్లవారుజామున మొదలయ్యే నిలువు కాళ్ల కొలువు. మోకాళ్లు అరిగాయని మూడేళ్ల కిందట ఎముకల డాక్టరు 10 రోజులకు రాసిచ్చిన చీటీ మీదే ఇప్పటికీ మందుల షాపులో మాత్రలు కొంటున్నారు. పొద్దున ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన మాత్ర, రాత్రి డైక్లోఫెనాక్ మాత్ర, వాటితోపాటు కడుపుకు ఇబ్బంది రాకుండా అంటూ షాపతను ఇచ్చే పాంటోప్రజోల్. కేటరింగ్ ఆర్డర్లున్న రోజుల్లో వీధి చివరి కాంపౌండరు దగ్గర ఒక సూది. బీపీకి టెల్మిసార్టాన్, నీటి మాత్ర (ఒంట్లో నీరు తీసేది) కలిసిన బిళ్ల వాడుతున్నారు. దాని మోతాదు ఈ మూడేళ్లలో రెండుసార్లు పెంచారు.

ఏడాదిగా తిన్న గంటకల్లా బొడ్డు చుట్టూ మెలిపెట్టే నొప్పి, ఆయాసం, 6 కిలోల బరువు తగ్గడం. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.2 ఉంది. నోటి ద్వారా చేసిన ఎండోస్కోపీలో ఏమీ లేదన్నారు. కింద నుంచి గొట్టం పంపి చేసే కొలనోస్కోపీలో మాత్రం చిన్నపేగు చివర పుండ్లు కనిపించాయి. ముక్క తీసి పరీక్షకు పంపితే ఇదని తేల్చి చెప్పలేదు. చేతి మీద వేసిన టీబీ చర్మపరీక్ష పాజిటివ్ వచ్చింది. పేగుల టీబీ కావచ్చునని, 6 నెలల మందులు మొదలుపెట్టి చూద్దామని, వచ్చే గురువారం రమ్మని డాక్టరు చెప్పారు.

ఇక అసలు సంగతి. నొప్పి మాత్రలు వాడతారా అని ఆ డాక్టరు అడిగినప్పుడు, పక్కన కొడుకున్నాడు కాబట్టి ఈమె "ఎప్పుడైనా ఒకటి" అన్నారు. మాత్రలు మింగుతూ నడపాల్సిన మెస్సు మనకొద్దు, మూసేసి షోలింగనల్లూరులో మా దగ్గరికి వచ్చేయమని రెండేళ్ల కిందట కొడుకు పట్టుబట్టాడట. అప్పటి నుంచి మాత్రలు ఎండుమిరపకాయల డబ్బా వెనక్కి చేరాయి. ఒకసారి కోడలు ఆ షీట్లను చూసి, ఏమీ అనకుండా డబ్బాను మళ్లీ యథాస్థానంలో పెట్టేసిందట. ఇప్పుడు ఆమె అడుగుతున్నవి మూడు. గ్యాస్ మాత్ర వాడుతున్నా, ఎండోస్కోపీ బాగున్నా, ఈ పుండ్లకు నొప్పి మాత్రలు కారణం కాగలవా? డాక్టరుకు చెప్పకుండా వాటిని మానేస్తే సరిపోదా? టీబీ అని నలుగురికీ తెలిస్తే మెస్సుకు ఎవరైనా వస్తారా?

అమ్మా, ఉత్తరం చదివి మీ జబ్బు ఇదీ అని నేను తేల్చలేను. మీ పేగును కళ్లారా చూసిన డాక్టరు ఒకరున్నారు, తేల్చవలసింది ఆయనే. అయితే ఆయన చేతిలో లేని ఒక ముఖ్యమైన ఆధారం మీ మిరపకాయల డబ్బా వెనక ఉంది, గురువారం లోపల అది ఆయనకు చేరాలి. ఎందుకంత పట్టింపుగా చెబుతున్నానో అర్థం కావాలంటే, ముందు మీ మొదటి ప్రశ్నకే జవాబు చెప్పాలి.

కారణం కాగలవు. దీనికి మీ వంటింట్లోనే పోలిక ఉంది. దోసె దోసెకూ మధ్య పెనం మీద ఉల్లిపాయ చెక్కతో నూనె రాస్తారు గదా. మన కడుపు, పేగుల లోపలి గోడ మీద కూడా శరీరం అలాంటి పూత ఒకటి ఎప్పటికప్పుడు వేసుకుంటూ ఉంటుంది. ఆ పూతను నిలిపి ఉంచే పదార్థాలను ప్రోస్టాగ్లాండిన్లు అంటారు. వాపును, నొప్పిని పుట్టించేవి కూడా ఆ జాతి పదార్థాలే. ఆస్పిరిన్ వంటి మందులు వీటి తయారీని ఆపడం ద్వారానే నొప్పిని తగ్గిస్తాయని 1971లో జాన్ వేన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త కనిపెట్టారు. దానికి 1982లో నోబెల్ బహుమతిలో ఆయనకు భాగం దక్కింది. మీరు వాడే మాత్రలూ ఆ కోవవే. అంటే మోకాలిలో మీకు సుఖం ఇచ్చే పనే కడుపులోనూ పేగులోనూ పూతను పలచన చేస్తుంది. మందుకు మోకాలేదో పేగేదో తెలియదు.

గ్యాస్ మాత్ర చేసే పని పెనం కింద మంట తగ్గించడం. కడుపులో ఆమ్లం మంటలాంటిది. పూత పలచబడిన చోట అదే కాలుస్తుంది కాబట్టి, పాంటోప్రజోల్ ఆమ్లాన్ని తగ్గించి కడుపునూ, దాని వెంటనే ఉండే చిన్నపేగు తొలిభాగాన్నీ బాగానే కాపాడుతుంది. మీ ఎండోస్కోపీ బాగుండటానికి అది కొంత కారణమై ఉండవచ్చు. కానీ చిన్నపేగులో కిందికి వెళ్లేకొద్దీ ఆ మంటే ఉండదు, అక్కడ గోడను దెబ్బతీసేవి వేరు. మొదటిది మందే. డైక్లోఫెనాక్ వంటివి రక్తంలో తిరిగాక, కాలేయం వాటికి చక్కెర జాతి పదార్థాన్ని ఒకదాన్ని తగిలించి పైత్యరసంలో పేగులోకి వదులుతుంది. పేగు చివరి భాగంలో దట్టంగా ఉండే బాక్టీరియా ఆ తగిలింపును తెంపేస్తుంది. విడివడిన మందు మళ్లీ పేగు గోడను తాకి, రక్తంలోకి ఇంకి, తిరిగి కాలేయానికి చేరుతుంది. ఇలా ఒకే మాత్ర ఆ గోడను పలుమార్లు తాకుతుంది. మందు తాకిన కణాలు బలహీనపడి వాటి మధ్య సందులు ఏర్పడితే, పైత్యరసమూ బాక్టీరియా చొరబడి మిగతా నష్టం చేస్తాయి. ఆమ్లంతో నిమిత్తం లేని ఈ వ్యవహారంలో గ్యాస్ మాత్రకు పాత్ర లేదు. పైగా ఆమ్లం తగ్గితే పేగులోని బాక్టీరియా తీరు మారి ఈ నష్టం కొంత పెరగవచ్చని కూడా పరిశోధనలు సూచిస్తున్నాయి. సూది వేయించుకుంటే కడుపుకు తగలదు గదా అని చాలామంది అనుకుంటారు. సూది మందు కూడా రక్తంలోంచి కాలేయానికీ, పైత్యరసంలోకీ ఇదే దారిన వస్తుంది.

ఇదంతా ఊహ కాదు. మింగే చిన్న కెమెరా 2001 ప్రాంతంలో వాడుకలోకి వచ్చేదాకా చిన్నపేగులో చాలా భాగం డాక్టర్లకు కనిపించేదే కాదు. నోటి నుంచి వెళ్లే గొట్టం పైభాగం వరకే చేరుతుంది, కింద నుంచి వెళ్లేది పెద్దపేగు దాటి చివరి కొద్ది సెంటీమీటర్లు చూసి తిరిగి వస్తుంది, మధ్యలో మీటర్ల కొద్దీ పేగు చీకట్లోనే ఉండిపోయేది. కెమెరా వచ్చాక 2005లో ప్రచురించిన ఒక పరిశోధనలో, 40 మంది ఆరోగ్యవంతులకు డైక్లోఫెనాక్, దానితోపాటు గ్యాస్ మాత్ర కేవలం 2 వారాలు ఇచ్చి చూస్తే, 68 శాతం మంది చిన్నపేగులో కొత్తగా గాయాలు కనిపించాయి. అదే ఏడాది వచ్చిన మరో పరిశోధనలో న్యాప్రోక్సెన్ అనే నొప్పి మాత్రతో గ్యాస్ మాత్ర వాడినవారిలో 55 శాతం మందికి, సెలెకాక్సిబ్ అనే మరో రకం నొప్పి మాత్ర వాడినవారిలో 16 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 7 శాతం మందికి పేగు పొర చీలికలు కనిపించాయి. ఇక్కడ ఒక మాట చెప్పకపోతే మిమ్మల్ని అనవసరంగా భయపెట్టినవాణ్ని అవుతాను. ఈ గాయాల్లో చాలా వరకు చిన్నవి, ఏ బాధా కలిగించకుండా మానిపోయేవి. కొద్దిరోజులు వాడి ఆపేసేవారికి అవి ఉన్న సంగతి కూడా తెలియదు. మీ విషయంలో వాడకం మూడేళ్లది, రోజుకు రెండు మాత్రలు, మధ్యలో సూదులు. అలాంటప్పుడు గాయం పుండు కావచ్చు, పుండులోంచి కంటికి కనిపించనంత రక్తం రోజూ పోవచ్చు, హిమోగ్లోబిన్ 8కి దిగవచ్చు. మీరు రాసిన లక్షణాల్లో ఈ కథకు పొసగనిది ఒక్కటీ లేదు.

చిక్కేమిటంటే, అవే లక్షణాలు టీబీకీ పొసగుతాయి.

మన దేశంలో చిన్నపేగు చివర పుండ్లు చూసి టీబీని తలవని డాక్టరు ఉండరు, ఉండకూడదు కూడా. పేగుల టీబీకి అది అభిమాన స్థానం. క్రోన్స్ అనే దీర్ఘకాలపు పేగువ్యాధికీ అదే చోటు, నొప్పి మాత్రల పుండ్లకూ అదే చోటు. పైనుంచి చూస్తే మూడూ ఒకేలా ఉండవచ్చు, ముక్క తీసి పరీక్షించినా చాలాసార్లు తేలదు. చర్మపరీక్ష పాజిటివ్ రావడం ఇక్కడ పెద్ద ఆధారం కాదు. టీబీ క్రిమి ఒంట్లో నిద్రాణంగా ఉన్న పెద్దవాళ్లు మన దేశంలో కోట్లలో ఉన్నారు, వాళ్లలో చాలామందికి అది పాజిటివే వస్తుంది. ఇన్ని సందిగ్ధాల మధ్య డాక్టరుకు దారి చూపేది రోగి చెప్పే పూర్వకథ. మీ డాక్టరు సరైన ప్రశ్నే అడిగారు, మీరు దాన్ని చిన్నది చేసి చెప్పారు, ఆయన తన ముందున్న సమాచారంతో సబబైన నిర్ణయానికే వచ్చారు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్నను మూడు దారులుగా విడదీసి చూద్దాం. చెప్పకుండా, మాత్రలూ మానకుండా టీబీ మందులు మొదలుపెట్టారనుకోండి. పుండ్లకు కారణం మాత్రలే అయితే అవి మానవు. రెండు మూడు నెలలకు మళ్లీ కొలనోస్కోపీ చేసి, టీబీ మందులకు లొంగలేదు కాబట్టి ఇది క్రోన్స్ వ్యాధి కావచ్చునని ఆయన అనుకోవడం సహజం. దానికి ఇచ్చేవి స్టెరాయిడ్లు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు. నొప్పి మాత్రలకు స్టెరాయిడ్ తోడైతే రక్తస్రావం ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది. టీబీ మందుల్లో కొన్ని కాలేయం మీద ఒత్తిడి పెడతాయి. డైక్లోఫెనాక్ కూడా అప్పుడప్పుడు ఆ పని చేస్తుంది. ఈ దారి ఎటు పోతుందో మీకే తెలుస్తోంది.

మీరు తలపెట్టిన దారి రెండోది. గుట్టుగా మాత్రలు మానేసి, టీబీ మందులు వేసుకోవడం. పైకి ఇది మర్యాదైన దారిలా ఉంటుంది, నాకు ఎక్కువ భయం కలిగించేదీ ఇదే. మాత్రలు ఆపగానే పుండ్లు మానడం మొదలవుతుంది, రక్తం పెరుగుతుంది, రెండు నెలల తర్వాత పేగు శుభ్రంగా కనిపిస్తుంది. అందరూ టీబీ మందులు పనిచేశాయనుకుంటారు. మీకు అవసరమో కాదో తెలియని మందులు 6 నెలలు మింగుతారు. ఏడాది తిరిగాక మోకాళ్లు మళ్లీ మొండికేస్తాయి. అప్పటి జబ్బు టీబీ, అది తగ్గిపోయింది అన్న ధీమాతో అదే షాపుకు వెళ్లి అవే మాత్రలు కొనకుండా మిమ్మల్ని ఆపేదేముంటుంది? మీ మనసు కూడా నిజంగానే టీబీ అయివుంటుందని నమ్మడానికి సిద్ధంగానే ఉంటుంది.

మూడో దారి చెప్పడం. చెప్పినంత మాత్రాన టీబీ మందులు వద్దంటారని నేను హామీ ఇవ్వలేను. ఆయన నొప్పి మాత్రలు పూర్తిగా ఆపించి, రెండు మూడు నెలలు ఆగి మళ్లీ గొట్టం వేసి చూద్దామనవచ్చు. లేదా ఇంకొన్ని ముక్కలు తీసి టీబీ క్రిమి జన్యుపరీక్షకు, క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్షకు పంపవచ్చు. పొట్ట స్కానింగ్‌లో గ్రంథుల వాపు వంటివి చూసి, లేదా మీకు సాయంత్రం జ్వరాలు వస్తున్నాయని తెలిసి, టీబీ మందులే ముందు మొదలుపెడదామనీ అనవచ్చు. పేగుల టీబీని వదిలేస్తే పేగు ఇరుకైపోవడం, చిల్లు పడటం వంటి ప్రమాదాలున్నాయి కాబట్టి, నా జవాబు చదివి మీరు ఆ మందులు నిరాకరించకూడదు. ఏ దారి పట్టినా ఆయన కళ్లు తెరిచి పట్టాలన్నదే నేను కోరేది.

మీరు ఆయనతో చెప్పవలసింది పెద్ద సంజాయిషీ ఏమీ కాదు. "పోయినసారి నొప్పి మాత్రల సంగతి సరిగా చెప్పలేదు. మూడేళ్లుగా రోజూ రెండు వేసుకుంటున్నాను, అప్పుడప్పుడు సూది కూడా" అన్న రెండు వాక్యాలు చాలు. డాక్టర్లకు ఇది రోజూ ఎదురయ్యేదే. నా వృత్తి తొలినాళ్లలో, వేరే మందులేమైనా వాడతారా అని అడిగి, లేదు అన్న జవాబుతో తృప్తిపడి పంపించేసిన రోగులు చాలామంది ఉన్నారు. ఒళ్లు నొప్పులొస్తే ఏం వేసుకుంటారమ్మా అని అడగడం నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. ఒక్క ప్రశ్న మార్చి అడిగితే చీరకొంగు ముడిలోంచి, చొక్కా జేబులోంచి షీట్లు బయటికి వచ్చేవి.

ఇక కొడుకు. అతను పక్కన ఉండగా చెప్పడం కష్టమైతే, గురువారం కంటే ముందే ఒకపూట మీరొక్కరే వెళ్లి రావచ్చు. రోగి ఆంతరంగికంగా చెప్పినది ఆమె అనుమతి లేకుండా బంధువులకు చెప్పకూడదన్నది డాక్టర్లకు నియమం. అది కుదరకపోతే కాగితం మీద రాసి, మీ పాత రిపోర్టుల పైన పెట్టి నర్సు చేతికి ఇవ్వండి. ఈ రెండింటితో వైద్యం వరకు గట్టెక్కుతుంది. కానీ మాత్రలు ఆపాక మోకాళ్లు నొప్పి పెడతాయి, మీ నడక మారుతుంది, అది కొడుక్కి కనిపిస్తుంది. రహస్యం ఎన్నాళ్లో నిలవదు. కాబట్టి ఇంట్లో ఒకరికైనా ముందే చెప్పుకోవడం మేలు, ఆ ఒక్కరూ మీ కోడలేమో ఆలోచించండి. షీట్లు చూసి కూడా డబ్బాను మళ్లీ ఉన్నచోటే పెట్టిన మనిషి మీ గౌరవం కాపాడాలనుకున్న మనిషి అని నాకనిపిస్తోంది. ఆమె మౌనాన్ని మీరు నిందగా చదువుకున్నారు. అడిగి చూస్తేగాని తెలియదు.

మెస్సు ఉంచాలా మూయాలా అన్న తగాదాను మాత్రం ఆసుపత్రి గదిలోకి తీసుకెళ్లకండి. అది వేరే రోజు, వేరే చోట తేల్చుకోవలసిన విషయం. మీ అబ్బాయి మాటలో ప్రేమ ఉంది, మీ పట్టుదలలో 24 ఏళ్ల కష్టం ఉంది, ఆ రెండింటికీ మధ్య తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. ఒక్కటి చెప్పగలను. మాత్రలతో కప్పిపెట్టిన నొప్పి వల్ల మీ మోకాళ్ల అసలు స్థితి అతనికీ తెలియలేదు, మీకూ తెలియలేదు. నిజంగా ఎంత పని చేయగలరో తెలిశాకే ఆ మాట మాట్లాడుకోవడం న్యాయం.

నొప్పి మాత్రలు ఈ రోజే ఆపేయవచ్చు. వాటిని మెల్లగా తగ్గించుకుంటూ రావలసిన అవసరం లేదు. గ్యాస్ మాత్ర, బీపీ మాత్ర మాత్రం డాక్టరుతో మాట్లాడే వరకు అలాగే ఉంచండి. మీ బీపీ మందు రెండుసార్లు పెంచవలసి రావడంలోనూ ఈ నొప్పి మాత్రల చెయ్యి ఉండి ఉంటుందని నా అనుమానం. ఇవి ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలిపి బీపీని పెంచుతాయి, బీపీ మందుల పనిని తగ్గిస్తాయి. అవి ఆపాక బీపీ దిగి తల తిరగవచ్చు, కాబట్టి రెండు వారాల పాటు రెండు మూడు రోజులకొకసారి బీపీ చూపించుకుని, అంకెలు రాసిపెట్టుకోండి. అంతకంటే ముఖ్యమైనది, టెల్మిసార్టాన్, నీటి మాత్ర, నొప్పి మాత్ర ఈ మూడూ ఒకేచోట కలవడం కిడ్నీలకు చెడ్డ కూడిక. గురువారం తీసే రక్తంలోనే క్రియాటినిన్, పొటాషియం కూడా చూడమని అడగండి. మూడేళ్లుగా ఎవరూ చూడలేదని మీ ఉత్తరాన్ని బట్టి అర్థమవుతోంది.

తిన్న గంటకు మెలిపెట్టే నొప్పి గురించి డాక్టరుకు ప్రత్యేకంగా చెప్పండి. ఏళ్ల తరబడి ఈ మాత్రలు వాడినవారిలో కొద్దిమందికి పుండ్లు మానే క్రమంలో పేగు లోపల పలచని వలయాల్లా మచ్చకట్టి, దారి ఇరుకవుతుంది. 1988లో తొలిసారి వర్ణించిన ఈ స్థితిని డయాఫ్రమ్ వ్యాధి అంటారు. పుండ్లు మాత్రలు ఆపితే మానుతాయి గాని, ఒకసారి ఏర్పడిన వలయాలు కరగవు. వాటిని బెలూనుతో విప్పాలి, లేదా శస్త్రచికిత్స చేయాలి. మీకు అది ఉందని నేననడం లేదు. అయితే రేపు ఎవరైనా మింగే కెమెరా పరీక్ష చేద్దామంటే, ముందు ఇరుకేమైనా ఉందేమో స్కానింగ్‌లో చూశారా అని అడగండి. ఇరుకు ఉంటే ఆ కెమెరా అక్కడే చిక్కుకుపోవచ్చు. ఖరీదైన పరీక్ష కూడా. పెద్దపేగు వైపు నుంచే పుండ్లు కనిపించాయి కాబట్టి మీకు అది వెంటనే కావలసి రాకపోవచ్చు.

రక్తం కోసం ఐరన్ ఇస్తారు. మాత్ర వేసుకున్న తర్వాత కనీసం గంట వరకు కాఫీ టీలు తాగవద్దు, అవి ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. మెస్సు నడిపేవారికి ఇదే కష్టమైన పథ్యమని తెలుసు. ఐరన్ వాడేటప్పుడు మలం నల్లగా, కాస్త ఆకుపచ్చ ఛాయతో వస్తుంది, దానికి భయపడనక్కర్లేదు. తారులా మెరుస్తూ, జిగటగా, దుర్వాసనతో వస్తే అది రక్తం. అప్పుడూ, రక్తపు వాంతి అయినా, లేచి నిలబడితే కళ్లు చీకట్లు కమ్మినా, పొట్ట రాయిలా బిగిసి నొప్పి ఆగకపోయినా గురువారం దాకా ఆగకుండా ఆ క్షణమే అత్యవసర విభాగానికి వెళ్లండి.

మరి మోకాళ్ల మాటేమిటి? అది తేల్చకుండా మాత్రలు మానమనడం అన్యాయమే. మొదటి రెండు వారాలు కష్టంగా ఉంటాయి, దాచను. పారాసిటమాల్ ఒక్కటే ఉన్న 650 మిల్లీగ్రాముల మాత్రను రోజుకు మూడు, మహా అయితే నాలుగు వరకు డాక్టరు ఒప్పుకోవచ్చు. టీబీ మందులు మొదలైతే మాత్రం కాలేయం దృష్ట్యా ఆ లెక్క మళ్లీ అడగాలి. అరిగిన మోకాలికి అది ఇచ్చే ఉపశమనం కొంచెమే. మీ పొద్దుటి మాత్రలో ఇంతకాలం పారాసిటమాల్ కూడా ఉందన్నది గుర్తుంచుకోండి, షాపులో మరో పేరుతో ఇచ్చేదాంట్లో ఏమేమి కలిసి ఉన్నాయో ప్రతిసారీ చదివించుకోండి. డైక్లోఫెనాక్ జెల్ పైపూతగా రాస్తే రక్తంలోకి చేరేది మాత్రతో చేరేదాంట్లో 6 శాతం ప్రాంతమే. పుండ్లున్న ఈ సమయంలో అది కూడా డాక్టరును అడిగాకే. పుండ్లు మానాక, ఏ మార్గమూ లేకపోతే సెలెకాక్సిబ్ రకం మందు గురించి మాట్లాడుకోవచ్చు. పేగుకు అది తక్కువ చేటు చేస్తుంది, అసలు చేయకపోదు. గుండెకు, బీపీకి, కిడ్నీలకు దాని ఇబ్బందులు దానికున్నాయి.

మందుల కంటే నాకు నమ్మకం ఉన్నది తొడ కండరాల మీద. కుర్చీలో కూర్చుని, కాలు నిటారుగా చాపి, పది లెక్కపెట్టే వరకు నిలిపి దించడం. ఒక్కో కాలికి పదిసార్లు, పూటకొకసారి. ఫిజియోథెరపిస్టు దగ్గర నాలుగు రోజులు నేర్చుకుంటే ఇంకా మంచివి చెబుతారు. ఫలితం ఆరు వారాల తర్వాతే తెలుస్తుంది, చాలామంది మూడో వారంలో వదిలేస్తారు. కూరగాయలు తరగడానికి కత్తిపీట ముందు కూర్చోవడం మానేసి, ఎత్తుపీట మీద కూర్చుని బల్ల మీద తరగండి. పొయ్యి దగ్గర ఒక ఎత్తు స్టూలు వేసుకుని, దోసెలు వేసే పని మీ ముగ్గురు పనివాళ్లలో ఒకరికి అప్పగించండి. నేలబారు మరుగుదొడ్డి అయితే మార్పించండి. ఇవి చాలకపోతే ఎముకల డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లాలి. మోకాలిలోకి ఇచ్చే ఇంజెక్షన్ కొన్ని వారాల ఊరట ఇస్తుంది, చివరికి కీలు మార్పిడి కూడా ఉంది. కృత్రిమ మోకీళ్ల ధరలకు 2017లో కేంద్రం గరిష్ఠ పరిమితి పెట్టాక ఆ ఖర్చులో కొంత భారం తగ్గింది. బరువు తగ్గితే మోకాళ్లకు మంచిదని ఎవరైనా చెబితే, అది నిజమే గాని ఇప్పుడు మీకు కాదు. జబ్బుతో పోయిన 6 కిలోలు ముందు తిరిగి రావాలి. నాటు మందు పేరుతో ఇచ్చే పొడుల జోలికి పోకండి, వాటిలో స్టెరాయిడ్లు, ఇవే నొప్పి మందులు కలిపిన ఉదంతాలు మన దేశంలో ఎన్నోసార్లు బయటపడ్డాయి.

మీ మూడో ప్రశ్నకు జవాబు చిన్నది. ఒకవేళ టీబీ అనే తేలినా, ఊపిరితిత్తుల్లో లేకుండా పేగుకే పరిమితమైన టీబీ వంట వల్లగాని, వడ్డన వల్లగాని ఎవరికీ అంటదు. ఛాతీ ఎక్స్‌రే తీసి ఆ సంగతి నిర్ధారించుకుంటే చాలు. టీబీ కేసులను ప్రభుత్వానికి తెలియజేయాలని 2012 నుంచి నిబంధన ఉంది కాబట్టి మీ వివరాలు ఆరోగ్యశాఖకు వెళతాయి, మందులు ఉచితంగా అందుతాయి. మీ మెస్సు గుమ్మం మీద ఎవరూ కాగితం అంటించరు.

గురువారం వెళ్లేటప్పుడు ఆ డబ్బా వెనకున్న షీట్లన్నీ, ఖాళీవి కూడా, ఒక కవర్లో వేసుకుని వెళ్లండి. దారిలో కాంపౌండరు దగ్గర ఆగి, తాను ఇచ్చిన సూదుల పేర్లు కాగితం మీద రాయించుకోండి. నొప్పి సూదితో పాటు స్టెరాయిడ్ కూడా కలిపి ఇవ్వడం చాలాచోట్ల ఉంది, టీబీ ఉందేమోనన్న అనుమానం ఉన్నప్పుడు ఆ సంగతి డాక్టరుకు తప్పనిసరిగా తెలియాలి. కాంపౌండరు ఆ మందుల పేర్లు చెప్పడానికి తటపటాయిస్తే, ఖాళీ సీసాలైనా చూపించమనండి.